ఆ ఆసుపత్రిలో సోమరిపోతు ఒక్కడూ లేడు

పాత బ్రిటిష్ ఆఫీసు కామెడీ సీరియళ్ళలో ఒకే ఒక్క ఎపిసోడ్ చూడాలంటే ఏది చూడాలి, ఎందుకు అని అడిగారు. నా జవాబు 'యెస్ మినిస్టర్' రెండో సిరీస్‌లో మొదటి ఎపిసోడ్, 'ది కంపాషనేట్ సొసైటీ'. 1981 ఫిబ్రవరిలో బీబీసీ టూలో వచ్చింది. పేరు చెబితే గుర్తు రాకపోవచ్చు గానీ, రోగులు లేని ఆసుపత్రి అంటే ఆ సీరియల్ చూసినవాళ్ళందరికీ ఠక్కున గుర్తొస్తుంది. మా ఇంట్లోనే మూడు పార్టీలున్నాయి. మా ఆయన 'ఫాల్టీ టవర్స్' అంటారు, మా అబ్బాయి 'ది ఆఫీస్' అంటాడు. నేను మాత్రం సర్వీసంతా ప్రభుత్వ ఆఫీసుల్లో గుమాస్తా పని చేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. ఫైలు ఎందుకు ఆగుతుందో, కదిలితే ఎటు కదులుతుందో తెలిసి రాసిన సీరియల్ ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం.

కథ ఇది. జిమ్ హ్యాకర్ అనే ఆయన పరిపాలనా వ్యవహారాల శాఖకు మంత్రి. ఆ శాఖ కల్పితమే. ఆయన దగ్గర శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ యాపిల్‌బీ, ప్రైవేటు సెక్రటరీ బెర్నార్డ్ వూలీ. సెయింట్ ఎడ్వర్డ్స్ అని ఒక కొత్త ఆసుపత్రి ఉందని, కట్టడం పూర్తయి 15 నెలలైనా అందులో రోగులు లేరని మంత్రి చెవిన పడుతుంది. విచారిస్తే పరిపాలనా సిబ్బంది 342 మంది అని తేలుతుంది. వాళ్ళు కాక పోర్టర్లు, స్వీపర్లు, బట్టలు ఉతికేవాళ్ళు, తోటమాలులు, వంటవాళ్ళు కలిసి ఇంకో 170 మంది. డాక్టర్లు, నర్సులు ఎంతమంది అంటే ఒక్కరూ లేరు. సిబ్బంది నియామకాలు అయిపోయాక ప్రభుత్వం ఖర్చుల్లో కోత పెట్టింది, వైద్యానికి డబ్బు మిగల్లేదు. ఒక్క రోగి మాత్రం ఉన్నాడు. డిప్యూటీ చీఫ్ అడ్మినిస్ట్రేటర్ పరంజా తట్టుకుని పడి కాలు విరగ్గొట్టుకున్నాడు!

తర్వాత మంత్రి స్వయంగా ఆసుపత్రి చూడడానికి వెళ్తాడు. నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసేది ఈ భాగాన్నే. మిసెస్ రోజర్స్ అని అక్కడి ముఖ్య అధికారిణి వెంట ఉండి అన్నీ చూపిస్తుంది. ఎక్కడ చూసినా మనుషులు పనిలో తలమునకలై ఉంటారు. ప్లానింగ్ ఒక విభాగం, కొనుగోళ్ళు ఒక విభాగం, జీతాలు, నిర్వహణ, క్యాటరింగు, ఇలా అన్నిటికీ విడివిడిగా విభాగాలున్నాయి. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తుంది. అన్నీ కొత్త పరికరాలు, ఒక్కటీ వాడలేదు. ఇంత ఖరీదైన సామాను ఊరికే పడి ఉందని మంత్రి బాధపడితే, వాడకపోతే ఎక్కువ కాలం మన్నుతుందనీ, నిర్వహణ ఖర్చు కూడా తగ్గుతుందనీ ఆవిడ ఊరడించబోతుంది. రోగులే లేరు కదమ్మా అంటే, రోగులున్నా లేకపోయినా ఆసుపత్రి ముఖ్యమైన పనులు జరగాల్సిందే కదా అంటుంది. అత్యంత పరిశుభ్రమైన ఆసుపత్రిగా అవార్డుకి పోటీలో కూడా ఉన్నామని చెబుతుంది.

ఆవిడ ముఖం చూడండి. అక్కడ కల్లా కపటం లేదు. మంత్రిని బురిడీ కొట్టించే ఉద్దేశం లేదు. పెళ్ళివారికి కొత్త ఇల్లు తిప్పి చూపించే గృహిణిలా ఉంటుంది ఆవిడ, నిజమైన సంతోషంతో. ఆ నటి అలా చేయకపోతే ఈ ఎపిసోడే లేదు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. ఈ ఎపిసోడ్ గురించి ఎవరు రాసినా, ప్రభుత్వోద్యోగులు పని చేయరు, ప్రజల సొమ్ము తింటారు, చూడండి ఎంత చక్కగా చూపించారో అని రాస్తారు. ఆసుపత్రి ముక్కని కత్తిరించి వాట్సాప్‌లో పంపేవాళ్ళు కింద 'మన ఆఫీసులూ ఇంతే' అని ఒక వాక్యం తగిలిస్తారు. వాళ్ళు ఎపిసోడ్ సరిగ్గా చూడలేదని నేను ఖచ్చితంగా చెప్పగలను. ఆ ఆసుపత్రిలో సోమరిపోతు ఎవరు? ఒక్కరిని చూపించండి. కుర్చీలో కునుకు తీసేవాడు లేడు, టీ తాగుతూ కబుర్లు చెప్పేవాళ్ళు లేరు, లంచం అడిగేవాడు లేడు. అందరూ టైముకి వచ్చి వంచిన తల ఎత్తకుండా పని చేస్తున్నారు. ఆ ఐదొందల మందికీ పని భారం ఎక్కువైందని, నిజానికి ఇంకా మనుషులు కావాలని హంఫ్రీ అంటాడు. ఫలితాన్ని బట్టి కాదు, జరిగే పనిని బట్టే మేం విజయాన్ని కొలుస్తామని కూడా అంటాడు. ఆ మాటకి స్టూడియోలో కూర్చున్న జనం ఘొల్లున నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. హంఫ్రీ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకి పని నిజంగానే ఎక్కువగా ఉంది.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెబుతాను. ఊరి పేరు, సంవత్సరం వద్దు. ఒక జిల్లాలో పాత ఆసుపత్రికి కాస్త దూరంలో ప్రసూతి విభాగానికని కొత్త బ్లాకు కట్టారు. భవనం చక్కగా వచ్చింది, రిబ్బను కత్తిరించారు, ఫోటోలు పేపర్లో పడ్డాయి. ఆఫీసు సిబ్బంది పోస్టులు ముందు మంజూరయ్యాయి. డాక్టర్లవీ నర్సులవీ తర్వాత వస్తాయన్నారు. నన్ను అక్కడికి వేశారు. వెళ్ళిన రోజున మంచాలు చూశాను. పాలిథిన్ కవర్లు ఇంకా తీయలేదు, కాని ప్రతి మంచం కాలికీ ఎర్ర పెయింటుతో స్టాకు నంబరు వేసేశారు. పసిపిల్లల ఉయ్యాలలు గోడ వారగా వరసగా నిలబెట్టి ఉన్నాయి, వాటికీ నంబర్లే. అటెండరు రోజూ పొద్దున్నే ఫినాయిలు వేసి వార్డులు తుడిచేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అంత శుభ్రమైన ప్రసూతి వార్డు నేను ఎక్కడా చూడలేదు.

మాకు పని లేదనుకుంటున్నారా? ఊపిరి సలిపేది కాదు. తపాలు రావడం, ఇన్వర్డు చేయడం, ఫైలు పెట్టడం, జీతాల బిల్లు ట్రెజరీకి పంపడం, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాయడం, స్టాకు ఫిజికల్ వెరిఫికేషన్. నెల నెలా రిటర్న్‌లు. ఇన్‌పేషెంట్లు నిల్. కాన్పులు నిల్. సిజేరియన్లు నిల్. ఆ నిల్ రిపోర్టు గడువు తేదీలోగా పై ఆఫీసుకి చేరాలి. ఒకసారి ఆలస్యమైతే సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. మా సూపరింటెండెంట్ గారు చాలా నిక్కచ్చి మనిషి, ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదని మర్నాడు నాతో చెప్పారు. తర్వాత ఇంకో లేఖ: మీ విభాగంలో పడకల వినియోగం చాలా తక్కువగా ఉంది, కారణాలు తెలపండి అని. డాక్టర్లు లేరండీ అని మేము రాశాం. డాక్టర్ పోస్టుల మంజూరుకు ప్రతిపాదన పంపండి, దానికి గత సంవత్సరం పడకల వినియోగం వివరాలు జతపరచండి అని అటు నుంచి జవాబు. ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి ఆవిడ, నేను చాలాసేపు కూర్చున్నాం. పై ఆఫీసులో ఆ లేఖ రాసిన మనిషి చెడ్డవాడు కాదు. అతని ముందున్న నమూనాలో ఆ కాలమ్ ఉంది, అది నింపకపోతే ఫైలు ముందుకు పోదు. అతని స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

ఒక మధ్యాహ్నం మేము ఉయ్యాలలు లెక్క పెడుతుంటే గేటు దగ్గర ఆటో ఆగింది. నిండు గర్భిణి, వెంట వాళ్ళమ్మ. బోర్డు చూసి ఇక్కడికే వచ్చేశారు. బోర్డు మీద ప్రసూతి విభాగం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది మరి, వాళ్ళ తప్పేముంది? అటెండరు పరిగెత్తుకెళ్ళి, "అమ్మా, ఇక్కడికి డాక్టరమ్మలు ఇంకా రాలేదమ్మా, పాత ఆసుపత్రికి పోనివ్వండి" అన్నాడు. ఆ ముసలమ్మ లోపలికి చూసింది. అద్దాల్లా మెరుస్తున్న గచ్చు, వరసగా మంచాలు, ఫ్యాన్లు. "ఇన్ని మంచాలున్నాయి గదా నాయనా" అంది. అంతే అంది. మా సూపరింటెండెంట్ గారు అప్పటికే పాత ఆసుపత్రికి ఫోన్ చేసి స్ట్రెచర్ సిద్ధంగా ఉంచమని చెప్పారు, అటెండర్ని ఆటోలో ముందు కూర్చోబెట్టి పంపించారు. అమ్మాయి క్షేమంగానే ప్రసవించింది. ఆ నెల రిటర్న్‌లోనూ కాన్పులు నిల్ అనే రాశాం, మా దగ్గర జరగలేదు కాబట్టి. ఆవిడ ఆ రోజు చేసిన పని రాయడానికి ఏ రిజిస్టరులోనూ కాలమ్ లేదు.

చాలా కాలం తర్వాత మా మేనల్లుడు డీవీడీలు తెచ్చిస్తే ఈ ఎపిసోడ్ చూశాను. మిసెస్ రోజర్స్ తెర మీదికి రాగానే మా సూపరింటెండెంట్ గారే నడిచి వచ్చినట్టనిపించింది. అందుకే ఆవిణ్ణి ఎవరైనా తెలివితక్కువది అంటే నాకు కోపం వస్తుంది. ఆవిడ చేతికి ఏ పని అప్పగించారో అది మచ్చ లేకుండా చేస్తోంది. డాక్టర్లను ఇవ్వనిది ఆవిడ కాదు. తప్పు ఎక్కడో పైన, ముందు ఏది మంజూరు చేయాలి, తర్వాత ఏది మంజూరు చేయాలి అన్న వరసలో జరిగింది. ఆ వరస నిర్ణయించినవాళ్ళు ఆ ఆసుపత్రి గడప తొక్కి ఉండరు.

ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళకి ఒక మాట. సీరియల్ రాసిన ఆంటొనీ జే, జొనాథన్ లిన్ ఇద్దరూ గాల్లోంచి కథలు అల్లలేదు. ప్రధాని హెరాల్డ్ విల్సన్ దగ్గర పనిచేసిన మార్షా విలియమ్స్, బెర్నార్డ్ డొనహ్యూ లాంటివాళ్ళు వాళ్ళకి లోపలి సంగతులు చెప్పారు. ఈ ఎపిసోడ్‌లో చూపించినలాంటి ఆసుపత్రులు, లేదా ఆసుపత్రుల్లో పెద్ద పెద్ద ఖాళీ విభాగాలు, అప్పట్లో ఆరు ఉండేవని లిన్ తర్వాత చెప్పాడు. ఆరు! నేను ఆ మాట చదివినప్పుడు ఆశ్చర్యపోలేదు. మా కొత్త బ్లాకులాంటిది ఇంకో దేశంలో ఉండదని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ నా ఇంకో బాధ కూడా చెప్పేస్తాను, ప్రశ్నకి కొంచెం పక్కదారే అయినా. హంఫ్రీగా వేసిన నైజెల్ హాథార్న్‌కి ఈ పాత్రకి నాలుగుసార్లు బాఫ్టా అవార్డు వచ్చింది. ఆ పొడవాటి వాక్యాలు ఒక్క గుక్కలో చెప్పడం మామూలు విషయం కాదు, ఒప్పుకుంటాను. కాని హ్యాకర్‌గా వేసిన పాల్ ఎడింగ్టన్‌ని ఆ నాలుగుసార్లూ నామినేట్ చేసి ఒక్కసారీ ఇవ్వలేదు. ఇది అన్యాయం. ఆసుపత్రి సీను మొత్తం నడిచేది ఆయన ముఖం మీద. మొదట మర్యాదగా తల ఊపుతూ ఉంటాడు, తర్వాత అర్థం కాక కళ్ళు చిట్లిస్తాడు, ఆ తర్వాత తను వింటున్నది నిజమేనా అని అటూ ఇటూ చూస్తాడు. మాటలు తక్కువ. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం నటనలో అన్నిటికంటే కష్టమైన పని. మన దగ్గరా ఇంతే, డైలాగు దంచినవాడికే చప్పట్లు. ఎడింగ్టన్ 1995లో పోయారు, హాథార్న్ 2001లో. బెర్నార్డ్‌గా వేసిన డెరెక్ ఫోల్డ్స్ కూడా 2020లో వెళ్ళిపోయారు.

అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌కి ఈ సీరియల్ అంటే ప్రాణం. 1984 జనవరిలో ఒక అవార్డు సభలో హాథార్న్, ఎడింగ్టన్‌లతో కలిసి ఆవిడే చిన్న స్కిట్‌లో నటించింది. నటులిద్దరికీ అది ఇష్టం లేకపోయినా చేయాల్సి వచ్చింది. ప్రభుత్వ ఖర్చులు తగ్గించడమే ధ్యేయంగా ఉన్న ప్రధానికీ, డాక్టర్ పోస్టులు రాని ఆఫీసులో కూర్చున్న నాలాంటిదానికీ ఒకే సీరియల్ నచ్చింది. ఆవిడకి హంఫ్రీని చూస్తే తన అధికారులు గుర్తొచ్చి ఉంటారు. నాకు మిసెస్ రోజర్స్ గుర్తుండిపోయింది. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని చూస్తే వాళ్ళకి అది కనిపిస్తుంది.

చివరి భాగం బలహీనంగా ఉందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మంత్రి సిబ్బందిని తగ్గించబోతే, ఒక దూకుడైన యూనియన్ నాయకుడు ఆ ఆసుపత్రిలో తేలేలా హంఫ్రీ తెరవెనక చక్రం తిప్పుతాడు. సమ్మె తప్పదనే పరిస్థితి వస్తుంది. మరోపక్క, 1,000 మంది క్యూబా శరణార్థులు వస్తున్నారు, వాళ్ళని ఉంచడానికి చోటూ లేదు, డబ్బూ లేదని మంత్రి అంతకు ముందే చేతులెత్తేసి ఉంటాడు. ఆఖరికి ఆ శరణార్థులని ఈ ఆసుపత్రిలోనే పెడతారు. సిబ్బంది ఉద్యోగాలు నిలబడతాయి, మంత్రి దయగల ప్రభువు అనిపించుకుంటాడు, 'దయగల సమాజం' అనే అర్థం వచ్చే ఆ ఎపిసోడ్ పేరు అక్కడి నుంచే వచ్చింది. ముగింపు అతికించినట్టుందని అనేవాళ్ళు ఒకటి గమనించాలి. భవనం మనుషులతో నిండింది, పేపర్లకి మంచి వార్త దొరికింది, మంత్రికి చెడ్డపేరు తప్పింది. దాన్ని ఆసుపత్రిగా నడపాలన్న ఆలోచన మాత్రం ఎవరి నోటా రాదు. సమస్య తీరలేదు, సమస్య గురించి అడిగే నోళ్ళు మూతపడ్డాయి. ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళకి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మా బ్లాకు కూడా చివరికి అలాగే నిండింది. కొంతకాలానికి ఏదో ట్రైనింగు ప్రోగ్రాం అక్కడ పెట్టారు, మంచాలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు, పడకల వినియోగం గురించి ఇక లేఖలు రాలేదు. డాక్టర్లు వచ్చింది ఆ తర్వాత ఎప్పటికో, అప్పటికి నాకు బదిలీ అయిపోయింది.

మా అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. ఇదంతా గవర్నమెంటు జబ్బు అని వాదించేవాడు. ఒక రోజు ఇంటి నుంచి పని చేస్తూ పొద్దుట నుంచీ కాల్స్‌లోనే ఉన్నాడు. ఏం మాట్లాడుతున్నారురా అంటే, ఆగిపోయిన ఒక ప్రాజెక్టు స్టేటస్ వారం వారం ఎవరెవరికి ఎలా పంపాలో మాట్లాడుతున్నామని చెప్పాడు. ప్రాజెక్టు ఆగిపోయినా స్టేటస్ రిపోర్టు పంపాల్సిందేనట, లేట్ అయితే పైనుంచి మెయిల్ వస్తుందట. వాడి మొహంలో ఆ టెన్షన్ నాకు బాగా తెలిసినదే. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఈ ఎపిసోడ్ చూశాం. అప్పటి నుంచి వాడు గవర్నమెంటు మాట ఎత్తడం లేదు.

మీరు చూడదలుచుకుంటే మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా చూడనక్కర్లేదు, ఏ ఎపిసోడ్‌కి ఆ కథే. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు, హంఫ్రీ మాటలు అక్కడి మంత్రికే అర్థం కావు. హిందీలో చూడాలనుకునేవాళ్ళకి 2001లో స్టార్ ప్లస్‌లో వచ్చిన 'జీ మంత్రీజీ' ఉంది, దీన్నే ఢిల్లీకి మార్చి తీశారు, ఫారూఖ్ షేక్ మంత్రిగా వేశారు. ఆయన హుందాతనం నాకిష్టం. అయినా మొదట ఇంగ్లీషుదే చూడండి, అందులోనూ ఆపరేషన్ థియేటర్ సీను వచ్చినప్పుడు మంత్రిని కాదు, పక్కనున్న మిసెస్ రోజర్స్‌ని చూడండి.